ఇంజను నీళ్ళు పట్టిన అయిదు నిమిషాలు

నేను రాసిన వాటిలో ఒక్క తప్పు కూడా దొరకని వ్యాసం ఒకటుంది. పేర్లు సరిగ్గా ఉన్నాయి, దూరాలు సరిగ్గా ఉన్నాయి, కన్నదీ విన్నదీ తప్ప కల్పించింది లేదు. ఆ వ్యాసం వల్లనే ఒక మంచి మనిషికి ఉద్యోగం పోయేంత పని అయింది. నలభై ఏళ్ళు పత్రికల్లో పనిచేసి ఇంటికి వచ్చాక, కొత్తగా ఈ పనిలో చేరేవాళ్ళు నా అనుభవాలు చెప్పమని అడిగినప్పుడల్లా ముందు అదే గుర్తొస్తుంది. నేను ఏ ఏడాది ఏ కుర్చీలో కూర్చున్నానో వాళ్ళకు అక్కర్లేదు. ఇది అక్కరకు రావచ్చు.

ఉప్పు సత్యాగ్రహం చల్లబడిన తరువాతి మాట. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో, చెన్నపట్నంలో అచ్చయ్యే ఒక దినపత్రికకు నేను విలేఖరిని. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

కూర్చోవడం

విలేఖరి అంటే సభలకు వెళ్ళి ఉపన్యాసాలు రాసుకునేవాడని అనుకుంటారు. మా ఊళ్ళో సభలు ఏడాదికి నాలుగు జరిగితే ఎక్కువ. నా పని చాలామటుకు రైల్వే స్టేషనులోనే జరిగేది. పత్రికల కట్ట వచ్చేది అక్కడికే. నా వార్తల కవరు తపాలా పెట్టెలో పడేది అక్కడే. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏలూరుకు టిక్కెట్టు తీసుకున్నవాడికి కోర్టులో వాయిదా ఉన్నట్టు. దుప్పటి మూట, మరచెంబు పట్టుకుని తీసుకున్నవాడికి ఆసుపత్రిలో మనిషి ఉన్నట్టు. ఎవరినీ అడగకుండానే సగం వార్తలు అలా తెలిసేవి. ఈ పనికి తిరగడం కన్నా ముందు కూర్చోవడం రావాలి. బెంచీ మీద గంటసేపు ఊరికే కూర్చోలేనివాడు మంచి విలేఖరి కావడం నేను చూడలేదు.

స్టేషను మాస్టరు దేవసహాయం గారు. దెందులూరు వైపు మనిషి, మిషను బడిలో పంతులు గారి అబ్బాయి. యాభై దాటాయి. ఇంట్లో ఉతికిన తెల్లకోటు, దానికి మెరిసే ఇత్తడి గుండీలు. ఎవరినైనా సరే 'మీరు' అనే పిలుపు. ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన మేకను కూడా "దిగండమ్మా, దిగండి" అని అదిలించేవారు. ఆ మేకలు కూడా ఆయన మాట వినేవి.

మూడు కథలు, ఒక కాగితం

ఒకరోజు ఎడిటరు గారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఆదివారం పేజీలో చిన్న ఊళ్ళ మీద వ్యాసాలు వేస్తున్నారట. "మీ స్టేషను చరిత్ర రాయండి. బోర్డు మీద ఉన్నది వద్దు. అది ప్రయాణికులు చదువుకుంటారు." ఆయన కార్డులన్నీ అంతే, రెండు మూడు వాక్యాలకు మించవు. నాకు రాయడం నేర్పింది ఆ కార్డులే.

మా స్టేషను ఊరికి మైలు దూరంలో, పొలాల మధ్య ఉండేది. ఎందుకంత దూరంగా కట్టారని ఊళ్ళో అడిగితే మూడు కథలు చెప్పారు. ఒక మోతుబరి తన మాగాణిలోంచి రైలు పోనివ్వనని అడ్డం పడుకున్నాడని ఒకరు. సర్వే దొర గుడారం అక్కడే ఉండేదని, ఆయనకు నడవడం బద్ధకమని ఒకరు. రైలు కూతకు గేదెలు పాలివ్వవని ఊరి పెద్దలే దూరంగా పెట్టించారని ఒక ముసలాయన. మూడూ పట్టుకెళ్ళి దేవసహాయం గారికి చెప్పాను.

"మూడూ రాసేయండి, బాగున్నాయి," అని నవ్వారాయన. "కంపెనీ కాగితాల్లో మాత్రం ఒక్క ముక్కే ఉందండి. 'ఇచ్చట కాలువ నీరు లభ్యము' అని."

తొలినాటి ఇంజన్లు చిన్నవి. కొద్ది దూరానికోసారి వాటికి నీళ్ళు పట్టాలి. అందుకని నీళ్ళున్న చోట కంపెనీ వారు ఎత్తయిన ఇనప తొట్టె, దానికో కుళాయి, కుళాయికి ఏనుగు తొండం లాంటి తోలు గొట్టం పెట్టారు. దాని పక్కన స్టేషను కట్టారు. తరువాత పెద్ద ఇంజన్లు వచ్చాయి. తాడేపల్లిగూడెంలో తొట్టె నింపుకుంటే ఏలూరు దాటే వరకు దిగుల్లేదు. మా కుళాయితో అవసరం తీరిపోయింది. అయినా ఏలూరు మీదుగా బెజవాడ వెళ్ళే తొమ్మిది గంటల పాసింజరు రోజూ మా దగ్గర నీళ్ళు పట్టేది. రెండు నిమిషాలు ఆగవలసిన బండి ఏడు నిమిషాలు ఆగేది. ఆ మాట అడిగితే దేవసహాయం గారు, "ఇంజను దాహం మనకేం తెలుస్తుందండీ," అని జెండా చుట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను.

పోలమ్మ

కొల్లేటి లంకల్లో చేపలు పట్టేవాళ్ళు తెల్లవారాక వలలు తీసి, బుట్టలకెత్తి, దోనెల మీద కాలవ వెంట పైకి వచ్చేవారు. మా ఊరి రేవులో దిగాక మైలు పైన కాలవగట్టు మీద నడక. మగవాళ్ళు దోనెలు చూసుకుంటే ఆడవాళ్ళు బుట్టలు మోసేవారు. కొర్రమీను ఊపిరితో ఉండాలని తడి నాచు కప్పేవారు. ఆ నాచు నీళ్ళు వాళ్ళ మెడల మీదుగా కారుతుండేవి. బుట్టలు పాసింజరు ఎక్కితే బెజవాడ బజారుకు పొద్దుండగానే చేరతాయి. తప్పిపోతే సాయంత్రం బండి దాకా మరొకటి లేదు. సాయంత్రానికి ఆ చేప ఎవరికీ పనికిరాదు.

గట్టు మీద ముందు నడిచే మనిషి పోలమ్మ. నలభై ఏళ్ళుంటాయి. ప్లాట్‌ఫారానికి ఇంకా అంత దూరం ఉండగానే ఆమె గొంతు వినిపించేది.

"ఏవండీ మాస్టరుగారూ! మీ ఇంజను తాగిందా, ఇంకా తాగుతుందా?"

"తాగుతుందమ్మా. నెమ్మదిగా రండి, పడతారు."

"ఏం తాగుడండీ బాబూ! మా ఆయనకి కూడా ఇంత దాహం లేదండి!"

వెనకాల ఉన్న ఆడవాళ్ళంతా బుట్టలు కదిలిపోయేలా నవ్వేవారు. ఆఖరి బుట్ట పెట్టె ఎక్కగానే ఇంజను మీద ఉన్న మనిషి తోలు గొట్టం పక్కకు తోసేవాడు. ఒక్క క్షణం ముందు కాదు, ఒక్క క్షణం తరువాత కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం, బండ్లేవీ లేని వేళ, దేవసహాయం గారే చెప్పారు. "ఇది నేను పెట్టింది కాదండి. నాకు ముందున్న మాస్టరు గారు చార్జీ అప్పగించిన రోజున తాళాలు, దీపాలు, జెండాలు అన్నీ చూపించి, సంతకాలయ్యాక, నన్ను కుళాయి దాకా నడిపించుకెళ్ళారు. 'ఇది పుస్తకంలో లేదు. కొల్లేటి బుట్టలు గట్టు దిగేదాకా ఈ ఇంజనుకు దాహం తీరదు' అన్నారు. ఆయనకు ఆయన ముందాయన అలాగే చెప్పారటండి. డ్రైవర్లు కూడా ఒకరికొకరు చెప్పుకుంటారు."

రాసుకోవద్దని ఆయన అనలేదు. రాసుకుంటానని నేను చెప్పలేదు. నోటుపుస్తకం నా జేబులోనే ఉంది. ఇంటికి వెళ్ళాక తీశాను. ఆయన మాట్లాడింది రోజూ పక్కన కూర్చునే కుర్రాడితో. విన్నది మాత్రం పత్రిక. పుస్తకం బయటికి తీసి, మోకాలి మీద పెట్టుకుని అడిగే విలేఖరిని జనం తిట్టుకోవచ్చు గానీ, అతనే నిజాయితీపరుడు. ఇది నాకు ఆ తరువాత తెలిసింది.

ఆదివారం పేజీ

వ్యాసం మూడు కాలమ్‌ల మేర పడింది. మూడు కథలూ ఉన్నాయి, కాలువ నీళ్ళున్నాయి. చివర్లో నేను చాలా మురిసిపోయి రాసిన వాక్యం ఉంది: "ఇంజనుకు దాహం లేదు. కొల్లేటి ఆడవారి కాళ్ళకు అయిదు నిమిషాలు కావాలి. ఆ అయిదు నిమిషాలే ఈ స్టేషను చరిత్ర." ఆ వాక్యం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. బాగా కుదిరిన వాక్యం ఎవరి మెడకు చుట్టుకుంటుందో మనం ఆ పూట ఆలోచించం.

ప్లాట్‌ఫారం మీద ఎవరో పైకి చదివితే పోలమ్మ బుట్ట దించి మరీ విన్నది. "నా పేరు కూడా అచ్చేసేరా! మా ఊళ్ళో నమ్మరు బాబూ, ఓ కాయితం ఇప్పించండి," అంది. దేవసహాయం గారు నిలబడే చదివారు. మడిచారు. నా చేతికి ఇచ్చారు.

"భాష చాలా బాగుందండి," అన్నారు. లోపలికి వెళ్ళబోతూ, "ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది," అన్నారు.

నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. పొగిడాను గదా, ఇంకేం అడగాలి అనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండా పైనుంచి కాగితం వచ్చింది. పాసింజరు బండిని రోజూ కావాలని ఆలస్యం చేయించి, రిజిస్టరులో 'నీళ్ళకై' అని రాస్తున్నట్లు పత్రికలో వచ్చినదానికి సంజాయిషీ ఇవ్వవలసింది. విచారణకు ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు వస్తారు. నా వ్యాసం కత్తిరించి ఆ కాగితానికి అంటించారు. నేను మురిసిన వాక్యం కింద ఎర్రసిరాతో గీత ఉంది.

ఆయనకు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఉద్యోగం పోతే స్టేషను వెనక క్వార్టర్సు ఖాళీ చేయాలి. ఆయనకు వేరే ఇల్లు లేదు. వాళ్ళావిడ ఆ రోజు కూడా నాకు కాఫీ ఇచ్చారు. ఆ గ్లాసు పట్టుకుని ఎటు చూడాలో నాకు తెలియలేదు.

సవరణ

ఎడిటరు గారికి ఉత్తరం రాశాను. నేను విన్నది పొరపాటని, నీళ్ళు నిజంగా అవసరమై పడతారని ఒక సవరణ వేయమని బతిమాలాను. మారుకార్డు వచ్చింది. "తప్పు రాస్తే సవరణ వేస్తాం. మీరు రాసింది తప్పా?" అంతే. అప్పట్లో ఆయన్ను రాయి అనుకున్నాను. నేను ఆ కుర్చీలో కూర్చున్నాక అలాంటి ఉత్తరాలు నాకూ వచ్చాయి. అదే జవాబు రాశాను. ప్రతిసారీ చెయ్యి బరువుగానే ఉండేది.

కార్డు పట్టుకుని దేవసహాయం గారి దగ్గరికి వెళ్ళాను. "విచారణలో నేనే చెబుతానండి, చూడకుండా రాశానని."

ఆయన దీపం గాజు తుడుస్తున్నారు. తుడవడం ఆపలేదు. "అలా అనకండి. రేపటి నుంచి మీరు ఏం రాసినా ఎవరూ నమ్మరు. నేను పోతే కంపెనీ ఇంకో మాస్టరును పంపుతుంది. మీరు పోతే ఈ ఊరికి ఇంకో విలేఖరి ఎక్కడున్నాడండీ?"

ఎగతాళి చేస్తున్నారేమోనని ముఖం చూశాను. అదేం లేదు. గాజు వెలుతురుకు పట్టి చూసుకుంటున్నారు.

విచారణ

ఇన్‌స్పెక్టరు గారు బెజవాడ నుంచి మధ్యాహ్నం బండిలో దిగారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. వెయిటింగు రూములో బల్ల వేయించుకుని రిజిస్టర్లు తెప్పించుకున్నారు. నన్ను చూడగానే, "ఈ కవిత్వం రాసింది మీరేనా?" అన్నారు.

ఆయన నన్ను అడగకముందే పోలమ్మ ఇంకో ఇద్దరితో లోపలికి వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. ఆ పూట లంకకు తిరిగి వెళ్ళకుండా దానికోసమే ఆగిపోయింది.

"అయ్యగారూ, మాకోసం బండి ఆపుతారంటే మీరెలా నమ్మేరండీ? మేమేమన్నా జమీందార్లవా? ఇంజను నీళ్ళకే ఆగుతుందండి. మేం పరిగెత్తుకొచ్చి ఎక్కించుకుంటాం. అంతే."

"మరి పేపర్లో?"

ఆమె నావైపు తిరగనైనా తిరగలేదు. "పేపరోళ్ళు ఏదోటి రాత్తారండి. ఆళ్ళకి పొద్దుపోవాలి గదండీ."

ఆమె నన్ను అబద్ధాలకోరును చేస్తున్నది. అందుకు నాకు కోపం రాలేదు. ఒక్క మాటతో ఊరుకుంటే అందరం బయటపడతాం. ఇన్‌స్పెక్టరు గారు నావైపు చూసి, "మీరు కళ్ళారా చూశారా, లేదా?" అని అడిగారు.

"చూశానండి," అన్నాను.

పోలమ్మ అప్పుడు చూసింది నావైపు. ఆ చూపు గురించి రాయను.

దేవసహాయం గారు లేచి నిలబడ్డారు. "ఆయన రాసింది నిజమేనండి. నీళ్ళు పట్టడం కూడా నిజమేనండి. రిజిస్టరులో నేను అబద్ధం రాయలేదు. అవసరమై పట్టామా అని మాత్రం అందులో రాయడానికి గడి లేదండి."

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "రేపు పొద్దున్న బండిని నేనే చూస్తాను. రూలు ప్రకారం నడిపించండి," అన్నారు.

ఎదురుగాలి

మర్నాడు కొల్లేటి మీద ఎదురుగాలి. ఆడవాళ్ళు ఎలాగైనా ముందు వద్దామనుకున్నారట. దోనెలు కదలలేదు. తొమ్మిదింటికి పాసింజరు వచ్చి ఆగింది. గట్టు చివర బుట్టలు చీమల్లా కనిపిస్తున్నాయి. డ్రైవరు తల బయటపెట్టి మాస్టరు వైపు చూశాడు. మాస్టరు గడియారం వైపు చూస్తున్నారు. ఇంజను మీద ఉన్న మనిషి తోలు గొట్టం మీద చెయ్యి వేసి, మళ్ళీ వెనక్కి తీసేశాడు.

రెండు నిమిషాలు. దేవసహాయం గారు పచ్చజెండా ఎత్తారు. అన్నేళ్ళలో ఆ జెండా అంత నిటారుగా పట్టుకోవడం నేను చూడలేదు. బండి వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళు ప్లాట్‌ఫారం చేరేసరికి ఆఖరి పెట్టె గేటు దాటుతోంది. బుట్టలు వరసగా దించారు. పోలమ్మ నాచు తీసి, ఇంకా దవడలాడిస్తున్న కొర్రమీనును పట్టుకొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"అట్టుకెళ్ళండి బాబూ. నిజం చెప్పినందుకు."

నాకు ఉద్యోగంలో తరువాత శాలువాలు కప్పారు, అభినందనలు చదివారు. అవేవీ అంత గుర్తులేవు.

ఇన్‌స్పెక్టరు గారు ఆమె దగ్గరికి వచ్చారు. "కాస్త ముందు బయల్దేరకూడదా అమ్మా? చీకటితోనే వల తీస్తే?"

"చీకట్లో వల్లో చెయ్యెడితే సేపకన్నా ముందు పామొత్తాదండి. తెల్లారేకే తియ్యాల. ఇక దోనంటారా, అది గాలి మాట ఇంటాది. మీ గడియారం మాట ఇనమంటే ఎట్టా ఇంటాదండీ?"

ఆయన ఆ మాటలు రాసుకోవడం చూశాను. పుస్తకం బయటికి తీసి, ఆమె ఎదురుగానే రాసుకున్నారు. ఎండెక్కేకొద్దీ బుట్టల దగ్గర వాసన మారింది. ఆడవాళ్ళు వాటిని ఎత్తుకుని, ఊళ్ళో ఎంతకు పోతే అంతకే అమ్ముకోవడానికి బయల్దేరారు. ఆయన సాయంత్రం బండి దాకా ఆ వాసనలోనే కూర్చున్నారు. వెళ్ళబోయే ముందు దేవసహాయం గారిని అడిగారు: "ఇన్నేళ్ళలో మీలో ఒక్కరైనా ఈ సంగతి కంపెనీకి ఎందుకు రాయలేదు?"

"రాస్తే కాదంటారని భయమండి. చేస్తుంటే ఎవరూ అడగలేదండి."

దేవసహాయం గారి మీద నాకున్న ప్రేమకు లోటు లేదు గానీ, ఒక మాట ఒప్పుకోవాలి. అక్కడ తప్పు నా ఒక్కడిదే కాదు. అంతమంది తిండి మాస్టర్ల మంచితనం మీద వేలాడుతూ వచ్చింది. గడియారం తప్ప ఏదీ పట్టని మాస్టరు ఒక్కడు వచ్చినా అది తెగిపోయేది. అలాగని నా వ్యాసం మేలు చేసిందని నేను అనను. అనే హక్కు ఆ బుట్టలు మోసినవాళ్ళకుంది. వాళ్ళెవరూ అనలేదు.

రెండు పేరాలు

ఇన్‌స్పెక్టరు గారి రిపోర్టులో రెండు పేరాలున్నాయని తరువాత తెలిసింది. మొదటి పేరా దేవసహాయం గారిని మందలించి, తాడేపల్లిగూడెం అవతల ఇంకా చిన్న స్టేషనుకు బదిలీ చేసింది. ఉద్యోగం మిగిలింది. రెండో పేరా, చేపల బుట్టల ఎగుమతి కోసం తొమ్మిది గంటల పాసింజరుకు మా ఊళ్ళో అధికారికంగా ఏడు నిమిషాలు ఇవ్వాలని రాసింది. మొదటి పేరా వారంలో అమలైంది. రెండోదానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు లంకల వాళ్ళు ఎలా గడిపారో నాకు తెలుసు. ఆ రోజుల్లో పోలమ్మ నాతో మాట్లాడలేదు.

కొత్త టైంటేబిలు వస్తోందని తెలిసిన రోజు నేను కూర్చుని మూడు పేజీలు రాశాను. దేవసహాయం గారి పేరు, పాత మాస్టర్ల సంగతి, ఎదురుగాలి, అన్నీ పెట్టాను. ఈసారి పంపలేదు. బండెక్కి ఆయన కొత్త స్టేషనుకు వెళ్ళాను. అక్కడ ప్లాట్‌ఫారం కూడా లేదు, కంకర దిబ్బ ఉంది. ఆయన అదే తెల్లకోటులో ఉన్నారు.

"వేయమంటారా అండి?" అని కాగితాలు చేతిలో పెట్టాను.

నింపాదిగా చదివారు. కలం అడిగి తీసుకున్నారు. మొదటి పేజీ మీద ఒక గీత, రెండో పేజీ మీద ఒక గీత, మూడో పేజీలో చివరి వాక్యం వదిలి మిగతా అంతటి మీద ఒక గీత. మిగిలింది ఇది:

"ఒకటవ తేదీ నుండి ఉదయం తొమ్మిది గంటల పాసింజరు మా స్టేషనులో ఏడు నిమిషములు ఆగును."

"కారణం కూడా వద్దా అండి?"

"కారణం రోజూ నెత్తిన బుట్ట పెట్టుకుని వస్తుంది గదండీ. కావలసినవాళ్ళు వచ్చి చూసుకుంటారు," అని కాగితాలు తిరిగి ఇచ్చారు. "ఇలా అయితే పంపండి. దీనికి సంజాయిషీ ఎవరూ అడగరు."

అలాగే పంపాను. అలాగే పడింది.